డివైస్ ఇన్వెంటరీని సర్వీస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఏ కాలమ్‌తో మ్యాచ్ చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కంపెనీలో దాదాపు 4000 డివైసులున్నాయి. కొనుగోళ్ల విభాగం దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంది, ఎండ్‌పాయింట్ మేనేజ్‌మెంట్ టూల్‌లో (కంప్యూటర్లను దూరం నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఒక జాబితా ఉంది, నెట్‌వర్క్ స్కానర్ ఇంకో జాబితా ఇస్తుంది. మూడూ ఒకదానితో ఒకటి కలవవు. వీటన్నిటినీ రెండు వారాల్లో కొత్త సర్వీస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోకి (ఫిర్యాదుల టికెట్లు, డివైసుల రికార్డులు ఉండేది) ఎక్కించి, ఆ తర్వాత రోజూ రాత్రి దానంతటదే నడిచేలా పెట్టమన్నారు. ఏ కాలమ్‌తో మ్యాచ్ చేయాలి, డూప్లికేట్లు రాకుండా ఏం చేయాలి, ఫైల్లో కనబడని డివైసులను తీసేయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. సీరియల్ నంబరును శుభ్రం చేసి, తయారీదారు పేరుతో కలిపి మ్యాచ్ చేయండి. కంప్యూటర్ పేరుతో మాత్రం చేయొద్దు. ఫైలును నేరుగా అసలు టేబుల్లోకి పంపకుండా ముందు ఒక స్టేజింగ్ టేబుల్లోకి (సరిచూసుకోవడానికి వాడే తాత్కాలిక పట్టిక) తీసుకోండి. ఫైల్లో లేదన్న ఒక్క కారణంతో ఏ రికార్డునూ డిలీట్ చేయకండి. మూడు జాబితాలనూ ఒకేసారి ఎక్కించొద్దు. ముందు ఎండ్‌పాయింట్ టూల్ జాబితా, అది కుదురుకున్నాక కొనుగోళ్ల షీటు, చివర్లో స్కానర్.

ఇక కారణాలు. చాలామంది ఇంపోర్ట్ అనగానే మ్యాపింగ్ స్క్రీన్ తెరిచి, ఈ కాలమ్ ఆ ఫీల్డులోకి అని గీతలు కలపడం మొదలుపెడతారు. నా అనుభవంలో అది ఒక పూట పని. అసలు పని అంతకుముందే ఉంది. ఒక వరుస వచ్చినప్పుడు అది ఏ డివైసు గురించి మాట్లాడుతోందో ఎలా తేల్చుకోవాలి, ఆ డివైసు గురించి ఏ విషయం ఎవరు చెప్తే నమ్మాలి, ఎవరూ ఏమీ చెప్పకపోతే ఏం చేయాలి. ఈ మూడూ కాగితం మీద తేల్చుకోకుండా ఎక్కించిన ఇన్వెంటరీని తర్వాత బాగుచేయడం మొదటినుంచి కట్టడం కన్నా కష్టం. ఎందుకంటే అప్పటికే టికెట్లన్నీ తప్పుడు రికార్డులకు అతుక్కుని ఉంటాయి.

కంప్యూటర్ పేరు ఎందుకు వద్దు?

పేరు ఇంటి నంబరు లాంటిది. లోపల ఉండేవాళ్లు మారినా నంబరు అదే ఉంటుంది. ఉద్యోగికి పాత ల్యాప్‌టాప్ తీసుకుని కొత్తది ఇచ్చినప్పుడు సపోర్టు వాళ్లు చాలాసార్లు అదే పేరు మళ్లీ పెడతారు. మీ ఇంపోర్ట్ పేరుతో మ్యాచ్ చేస్తే పాత రికార్డు మీదే కొత్త ల్యాప్‌టాప్ వివరాలు రాసుకుపోతుంది. పాత బ్యాటరీ ఫిర్యాదులు, పాత వారంటీ, పాత రిపేరు చరిత్ర అంతా నిన్న పెట్టెలోంచి తీసిన మెషిన్ మీద కనబడతాయి. పాత ల్యాప్‌టాప్ ఏమైందో చెప్పే రికార్డే మిగలదు. రీఇమేజ్ చేసినప్పుడు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ మొదటినుంచి ఎక్కించినప్పుడు, దీనికి తిరగబడ్డ సమస్య వస్తుంది. పేరు మారుతుంది, ఒకే మెషిన్‌కు రెండు రికార్డులు తయారవుతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. విండోస్‌లో నెట్‌బయోస్ పేరు (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను పిలిచే పొట్టి పేరు) 15 అక్షరాలకు మించదు. ఒక టూల్ ఆ కత్తిరించిన పేరు ఇస్తుంది, ఇంకోటి పూర్తి పేరు ఇస్తుంది, స్కానర్ డొమైన్‌తో కలిపి ఇస్తుంది. ఒకే మెషిన్‌కు మూడు పేర్లన్నమాట.

సీరియల్ నంబరు నమ్మదగినదే, కానీ ఉన్నదున్నట్టుగా కాదు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. డూప్లికేట్లలో చాలా భాగం ఇక్కడే పుడతాయి.

మొదటిది ఖాళీ పూరించే విలువలు. విడి భాగాలతో అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో, కొన్ని చవక మదర్‌బోర్డుల్లో సీరియల్ అడిగితే "టు బి ఫిల్డ్ బై ఓఈఎం", "డిఫాల్ట్ స్ట్రింగ్", "సిస్టమ్ సీరియల్ నంబర్", "నన్", సున్నాల వరుస లాంటివి వస్తాయి. సాఫ్ట్‌వేర్‌కు అది కూడా సీరియలే. నేను సాయం చేసిన ఒక సంస్థలో ఒక ల్యాబ్‌లోని అసెంబుల్డ్ మెషిన్లన్నీ ఒకే రికార్డులోకి కూలిపోయి కనిపించాయి. రోజూ రాత్రి ఆ ఒక్క రికార్డు పేరు, ఐపీ, యూజరు మారుతూ ఉండేవి. ఆడిట్ చరిత్ర తెరిస్తేగానీ విషయం బయటపడలేదు. అందుకే ఇలాంటి విలువల జాబితా ఒకటి పెట్టుకుని, వాటిలో ఏది వచ్చినా సీరియల్ ఖాళీగా ఉన్నట్టే లెక్కించండి. ఖాళీ సీరియల్ ఉన్న వరుసలను ఆటోమేటిక్‌గా మ్యాచ్ చేయొద్దు. పక్కకు తీసి మనిషి చూసే జాబితాలో పెట్టండి.

రెండోది బార్‌కోడ్ స్కానర్. పెట్టె మీద, డివైసు మీద ఉన్న బార్‌కోడ్‌లో సీరియల్‌కు ముందు అది సీరియల్ అని చెప్పే ఎస్ అక్షరం ఉండొచ్చు. యాపిల్ పెట్టెల మీద ఇది తరచూ కనబడుతుంది. లెనోవో లేబుల్ స్కాన్ చేస్తే 1 అంకె, ఎస్ అక్షరం, మెషిన్ టైపు, ఆ తర్వాత సీరియల్, అన్నీ అతుక్కుని రావొచ్చు. కొనుగోళ్ల వాళ్ల షీటు స్కాన్ చేసి నింపిందైతే, ఎండ్‌పాయింట్ టూల్ ఇచ్చే సీరియల్‌తో అది ఎప్పటికీ కలవదు. ఆ ముందు భాగాన్ని తయారీదారును బట్టి తీసేయాలి. అన్నిటికీ కలిపి ఒకే రూలు పెట్టకండి, నిజంగానే ఎస్‌తో మొదలయ్యే సీరియళ్లు కూడా ఉంటాయి.

మూడోది ఎక్సెల్. సీరియల్‌లో ముందున్న సున్నాలు పోతాయి. అంకెల మధ్య ఒక్క ఇ అక్షరం ఉన్న సీరియల్ ఘాతసంఖ్యగా మారిపోతుంది. ఫోన్ల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) 15 అంకెలు కాబట్టి లోపల సరిగానే ఉన్నా, తెర మీద కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీగా (కామాలతో వేరుచేసిన మామూలు టెక్స్ట్ ఫైలు) సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఫైల్లోకి వెళ్తుంది. సిమ్ కార్డు ఐసీసీఐడీ (సిమ్ గుర్తింపు సంఖ్య) 19 లేదా 20 అంకెలు. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది కాబట్టి చివరి అంకెలు సున్నాలైపోతాయి, ఇక వాటిని తిరిగి రాబట్టలేం. మూలం నుంచి వచ్చిన సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరిచి, చూసి, సేవ్ చేసే అలవాటు మీ టీమ్‌లో ఎవరికైనా ఉంటే ముందు అది ఆపించండి. తెరవాల్సి వస్తే డేటా ఇంపోర్ట్ దారిలో వెళ్లి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకుని తెరవాలి.

వీటితోపాటు మామూలు శుభ్రత కూడా అవసరం. ముందూ వెనకా ఖాళీలు తీసేయడం, అక్షరాలన్నీ పెద్దక్షరాలు చేయడం. చేత్తో టైపు చేసిన షీట్లలో ఓ అక్షరానికీ సున్నాకూ తేడా పోతుంది. దీన్ని రూలుతో సరిచేయకండి. కలవని వరుసలను మనిషే చూడాలి.

వర్చువల్ మెషిన్లు, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు, వేరే సంగతి. వాటికి పెట్టె లేదు, కాబట్టి సీరియల్ అనేది హైపర్‌వైజర్ (వాటిని నడిపే సాఫ్ట్‌వేర్) తయారుచేసిన విలువ. వాటికి యూయూఐడీ (ఒక్కో మెషిన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), క్లౌడ్‌లో అయితే ఇన్‌స్టెన్స్ ఐడీ వాడండి. యూయూఐడీలో ఒక మెలిక ఉంది. దాని మొదటి మూడు భాగాలను కొన్ని టూల్స్ బైట్ల వరుస తిప్పి చూపిస్తాయి. ఒకే మెషిన్ యూయూఐడీ రెండు చోట్ల మొదటి సగం వేరుగా, రెండో సగం ఒకేలా కనబడితే కారణం అదే.

మదర్‌బోర్డు మార్చిన ల్యాప్‌టాప్‌లకు రిపేరు చేసినవాళ్లు పాత సీరియల్‌ను బయోస్‌లో (మదర్‌బోర్డులో ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) మళ్లీ రాయకపోతే అది కొత్త డివైసుగా వస్తుంది. దీనికి సాంకేతిక పరిష్కారం వెతక్కండి. రిపేరు టికెట్ మూసేముందు సీరియల్ సరిచూడాలన్న ఒక చెక్ పెట్టండి, చాలు.

మ్యాక్ అడ్రస్ గురించి

మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ పోర్టుకో అడాప్టర్‌కో ఉండే గుర్తింపు సంఖ్య. నెట్‌వర్క్ స్కానర్ మీకు ముందుగా ఇచ్చేది అదే కాబట్టి దానితో మ్యాచ్ చేయాలని అనిపిస్తుంది. చేయొద్దు. పలచటి ల్యాప్‌టాప్‌లకు నెట్‌వర్క్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ అడాప్టరో డాకో పెడతారు. ఆ అడాప్టర్ చేతులు మారుతూ ఉంటే, అది తగిలిన ప్రతి ల్యాప్‌టాప్ ఇంకో ల్యాప్‌టాప్ రికార్డును లాగేసుకుంటుంది. ఇక ఫోన్లు, 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి వైఫైకి కల్పిత మ్యాక్ అడ్రస్ వాడుతున్నాయి. స్విచ్‌లు, ప్రింటర్ల విషయంలో మాత్రం, సీరియల్ దొరకనప్పుడు, మ్యాక్ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎక్కడ పెట్టాలి?

మీరు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నారో చెప్పలేదు. సర్వీస్‌నౌ అయితే, ట్రాన్స్‌ఫార్మ్ మ్యాప్‌లో (ఏ కాలమ్ ఏ ఫీల్డులోకి వెళ్లాలో చెప్పే చోటు) కోలెస్ అని ఒక టిక్ ఉంటుంది, ఈ ఫీల్డుతో మ్యాచ్ చేయమని చెప్పేది అదే. ఏ ఫీల్డుకూ అది పెట్టకపోతే ప్రతి వరుసా కొత్త రికార్డే. రాత్రికి రాత్రి ఇన్వెంటరీ రెట్టింపయ్యిందని వచ్చే ఫిర్యాదుల వెనక చాలాసార్లు కనబడేది ఇదే. సీఎండీబీ (డివైసుల రికార్డులుండే డేటాబేస్) టేబుళ్లకైతే కోలెస్‌తో ఆగకుండా, ఐడెంటిఫికేషన్ అండ్ రీకన్సిలియేషన్ ఇంజిన్ గుండా పంపండి. అందులో సీరియల్ ముందు, పేరు తర్వాత అని వరుస క్రమం ఉంటుంది. మొదట సీరియల్‌తో చూసి, దొరక్కపోతే పేరుకు దిగుతుంది. ఆ చివరి మెట్టు మీకు కావాలా వద్దా అన్నది తెలిసి నిర్ణయించండి.

జీరా సర్వీస్ మేనేజ్‌మెంట్ అసెట్స్ అయితే ఏ ఆట్రిబ్యూట్ (ఫీల్డు) ఐడెంటిఫయరో, అంటే దేనితో మ్యాచ్ చేయాలో, మ్యాపింగ్‌లో చెప్పాలి. మూలంలో కనబడని ఆబ్జెక్టులను ఏం చేయాలన్న సెట్టింగు కూడా అక్కడే ఉంటుంది, దాన్ని రిమూవ్‌లో పెట్టకండి. జీఎల్‌పీఐలో అయితే దిగుమతి రూల్స్ క్రమం చూసుకోండి. అందులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. మనిషి చేత్తో మార్చిన ఫీల్డుకు లాక్ పడుతుంది, తర్వాత వచ్చే ఆటోమేటిక్ ఇన్వెంటరీ దాన్ని చెరపదు.

ఏ ఫీల్డుకు ఎవరు యజమాని?

ఆ లాక్ వెనకున్న ఆలోచనే మీ మొత్తం ఇంపోర్ట్‌కూ వర్తింపజేయాలి. ఒక్కో ఫీల్డుకు ఒక్క మూలమే రాయగలగాలి. కంప్యూటర్ పేరు, ఆపరేటింగ్ సిస్టమ్, చివరిసారి కనబడిన తేదీ ఎండ్‌పాయింట్ టూల్ రాయాలి. ధర, బిల్లు నంబరు, వారంటీ కొనుగోళ్ల షీటు రాయాలి. వాడకంలో ఉందా, స్టోర్‌లో ఉందా, రిపేరులో ఉందా అనేది సర్వీస్ డెస్క్ మనుషులే రాయాలి, ఏ ఇంపోర్ట్ కూడా దాన్ని ముట్టుకోకూడదు.

చివరిసారి లాగిన్ అయినవాళ్లు డివైసు యజమాని కాదు, ఇది బాగా గుర్తుంచుకోండి. రిపేరుకు తీసుకున్న ఇంజినీర్ తన ఐడీతో లాగిన్ అయితే, మర్నాడు పొద్దున ఆ ల్యాప్‌టాప్ అతని పేరు మీద ఉంటుంది. లాగిన్ యూజర్ కోసం వేరే ఫీల్డు పెట్టి, కేటాయించిన వ్యక్తి ఫీల్డును దాని నుంచి పూర్తిగా విడదీయండి.

ఖాళీ విలువ గురించి ఒక రూలు ఇప్పుడే పెట్టుకోండి. మూలంలో ఖాళీ వస్తే లోపల ఉన్న విలువను చెరపాలా, వదిలేయాలా? నేను ఎప్పుడూ వదిలేయమనే చెప్తాను. చాలా టూల్స్‌లో ఖాళీకి అర్థం "లేదు" అని కాదు, "ఈసారి చదవలేకపోయాను" అని.

ముందు ఏవి ఎక్కించాలి?

తయారీదారులు, మోడళ్లు, లొకేషన్లు, యూజర్లు ముందు. డివైసులు ఆ తర్వాత. ఏది దేనికి కలిపి ఉందన్న సంబంధాలు చివర. ఈ క్రమం తప్పితే రిఫరెన్స్ ఫీల్డులు (వేరే పట్టికలోని ఎంట్రీని చూపేవి) ఖాళీగా మిగులుతాయి, లేకపోతే సాఫ్ట్‌వేర్ దొరకని ప్రతి పేరుకూ కొత్త ఎంట్రీ సృష్టించుకుంటూ పోతుంది. ఆ ఆటోమేటిక్ సృష్టిని తయారీదారు, లొకేషన్, యూజర్ ఫీల్డులకు ఆపేయండి. హ్యూలెట్ ప్యాకార్డ్ 2015లో రెండు కంపెనీలుగా విడిపోయింది కాబట్టి పాతా కొత్తా డివైసుల్లో హెచ్‌పీ, హెచ్‌పీ ఇంక్, హ్యూలెట్ ప్యాకార్డ్, హెచ్‌పీఈ అని రకరకాలుగా కనబడుతుంది. సర్వర్లు ఒక కంపెనీ, ల్యాప్‌టాప్‌లు ఇంకో కంపెనీ. ఈ పేర్లను సరైన పేరుకు తిప్పే చిన్న పట్టిక ఒకటి రాసుకోండి. లెనోవోలో మోడల్ అడిగితే విండోస్ మెషిన్ టైపు కోడ్ ఇస్తుంది, మనుషులు పిలిచే పేరు ఇంకో ప్రాపర్టీలో ఉంటుంది. ఆ రెండోదాన్ని తెచ్చుకుంటే టికెట్ చూసేవాళ్లకు అర్థమవుతుంది.

యూజర్లను ఈమెయిల్‌తో కాకుండా ఎంప్లాయీ ఐడీతో కలపండి. ఇంటిపేరు మారినప్పుడు, కంపెనీ డొమైన్ మారినప్పుడు ఈమెయిల్ మారుతుంది.

ఫైల్లో కనబడని డివైసుల సంగతి

ఈరోజు ఫైల్లో లేకపోవడానికి కారణాలు బోలెడు. ఉద్యోగి సెలవులో ఉండి ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉండొచ్చు. డివైసు వివరాలు పంపే ఏజెంట్ ప్రోగ్రాం పాడై ఉండొచ్చు. మెషిన్ స్టోర్‌లో అలమారాలో ఉండొచ్చు. లేదా మీ ఇంపోర్టే సగంలో ఆగి ఉండొచ్చు. ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్నుంచి డేటా అడిగే దారి) ద్వారా తెస్తుంటే ఫలితాలు పేజీలుగా వస్తాయి. తర్వాతి పేజీ లింకును అనుసరించడం మర్చిపోయిన స్క్రిప్టు మొదటి పేజీతో సంతృప్తిపడి, అంతా సవ్యంగా ముగిసిందనే చెప్తుంది. ఒక చోట టోకెన్ (సాఫ్ట్‌వేర్ లాగిన్ కోసం వాడే తాళంచెవి లాంటిది) గడువు తీరి హెడర్ తప్ప ఏమీ లేని ఫైలు వచ్చింది. కనబడనివి రిటైర్ చేయాలన్న (ఇక వాడకంలో లేదని గుర్తించాలన్న) రూలు ఉండటంతో తెల్లారేసరికి ఇన్వెంటరీ అంతా రిటైర్ అయిపోయి ఉంది. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడానికి వాళ్లు పడిన కష్టం దగ్గరుండి చూశాను.

అందుకే రెండు పనులు చేయండి. డివైసు ఉందా లేదా అన్న విషయంలో చివరిసారి కనబడిన తేదీని మాత్రమే ఇంపోర్ట్ రాయాలి. 30 రోజులు దాటితే వెతకాల్సినవి అన్న రిపోర్టులోకి, 90 దాటితే ఒక మనిషికి టాస్క్‌గా వెళ్లాలి. గడువులు మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి, కానీ రిటైర్ బటన్ నొక్కేది మనిషే కావాలి. రెండోది, నిన్నటితో పోలిస్తే వరుసల సంఖ్య పదో వంతుకు మించి తగ్గితే ఇంపోర్ట్ తనంతట తాను ఆగిపోయి మీకు మెయిల్ పంపాలి. ఈ ఒక్క చెక్ రాయడానికి పట్టే సమయం కొంచెమే, దీన్ని మాత్రం వదిలేయకండి.

మొదటి లోడ్ రోజు

నోటిఫికేషన్లు ఆపారో లేదో చూసుకోండి. "మీకు కొత్త అసెట్ కేటాయించబడింది" అనే మెయిల్ ఉద్యోగులందరికీ ఒకేసారి వెళ్తే సర్వీస్ డెస్క్ ఫోన్లు ఆగవు. ప్రతి రికార్డులో ఏ మూలం నుంచి వచ్చింది, ఏ బ్యాచ్‌లో వచ్చింది అనే రెండు ఫీల్డులు పెట్టండి. ఏదైనా తేడా వస్తే ఆ బ్యాచ్ వరకే వెనక్కి తీయొచ్చు.

టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఒక 20 డివైసులతో మొదలుపెట్టండి. మామూలువి కాదు, కావాలని చిక్కువే ఎంచుకోండి. సీరియల్ లేనిది ఒకటి, వర్చువల్ మెషిన్ ఒకటి, పేరు మారిన ల్యాప్‌టాప్ ఒకటి, ఉద్యోగం మానేసిన వ్యక్తి పేరు మీద ఉన్నది ఒకటి. తర్వాత నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటి చెప్తాను. అదే ఫైలును ఏమీ మార్చకుండా రెండోసారి నడపండి. కొత్త రికార్డులు సున్నా, మారిన రికార్డులు సున్నా రావాలి. కొత్తవి వస్తే మ్యాచింగ్ తప్పు. మారినవి వస్తే రెండు మూలాలు ఒకే ఫీల్డు కోసం కొట్టుకుంటున్నాయి, లేదా తేదీ ఫార్మాట్ దారిలో మారిపోతోంది. ఈ పరీక్ష గట్టెక్కనిదాన్ని రాత్రి షెడ్యూల్‌లో పెట్టొద్దు.

చిన్నదే కానీ చాలామందిని తిప్పలు పెట్టేది ఇంకోటి. మొదటి కాలమ్ ఒక్కటే ఖాళీగా వస్తుంటే, ఫైలు ముందు కంటికి కనబడని బైట్ ఆర్డర్ మార్క్ ఉండి, మొదటి హెడర్ పేరు కలవడం లేదని అర్థం. యూటీఎఫ్-8లో ఆ గుర్తు లేకుండా సేవ్ చేయించండి.

షెడ్యూల్ పెట్టేటప్పుడు మూలం సింక్ అయ్యాకే మీ ఇంపోర్ట్ మొదలవ్వాలి, రెండు సిస్టమ్‌ల టైమ్ జోన్లు కూడా చూసుకోండి. ఇంపోర్ట్‌కు విడిగా ఒక సర్వీస్ అకౌంట్ తీసుకోండి, అడ్మిన్ హక్కులు దానికి అక్కర్లేదు. టోకెన్ గడువు తేదీని మీ క్యాలెండర్‌లో కాకుండా టీమ్ క్యాలెండర్‌లో పెట్టండి. తిరస్కరించిన వరుసల జాబితాను రోజూ చూసే మనిషి పేరు రాసిపెట్టండి. పేరు లేకపోతే ఆ జాబితాను ఎవరూ తెరవరు.

ఇక రెండు వారాల గడువు. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, సర్వర్లు ఎండ్‌పాయింట్ టూల్ నుంచి తెచ్చి, పైన చెప్పిన చెక్‌లతో నడపడానికి అది సరిపోతుంది. కొనుగోళ్ల షీటు కలపడం, నెట్‌వర్క్ పరికరాలు, ప్రింటర్లు, ఫోన్లు అందులో ఇమడవు. మీ మేనేజర్‌తో ఆ మాట ఇప్పుడే అనండి. మొదటి దశలో ఏవి వస్తాయి, ఏవి రావు అని రాసి మెయిల్ పంపండి. మానిటర్లు, కీబోర్డులు, మౌస్‌లు కూడా ఎక్కించమని ఎవరైనా అడిగితే, వాటి మీద టికెట్ ఎప్పుడైనా తెరుస్తారా అని తిరిగి అడగండి. తెరవనివాటికి రికార్డు పెడితే, దాన్ని సరిగ్గా ఉంచే పని మాత్రం రోజూ మీ మీద పడుతుంది.

సాఫ్ట్‌వేర్ పేరు, ఎండ్‌పాయింట్ టూల్ పేరు చెప్తే మ్యాచింగ్ రూల్స్ ఎక్కడ ఎలా పెట్టాలో వివరంగా రాస్తాను. ఈలోపు కొనుగోళ్ల షీటులోని సీరియళ్లు, ఎండ్‌పాయింట్ టూల్ సీరియళ్లు రెండిటినీ టెక్స్ట్‌గా తీసుకుని పోల్చి, ఎన్ని కలుస్తున్నాయో, కలవనివి ఏ తయారీదారువో చూసి ఇక్కడ పెట్టండి. ఆ జాబితా చూస్తే శుభ్రం చేసే రూల్స్ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.